ఒపేరా హౌస్‌లో కుక్కర్ కూత

(లేసుదారం – పదమూడో భాగం)

పాఠకులకు సలాం. పోయిన వారం ఈ భాగం అందించలేకపోయాను, మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. చెయ్యి ఇంకా నిదానమే. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిన చోట ఎడిటర్ గారు సరిచేస్తున్నారు. ఆయన కంటపడకుండా మిగిలిపోయిన తప్పులుంటే అవి నావి. సర్దుకుని చదువుకోండి.

*

"ఇరవై రెండు రోజులా?" అంది జ్ఞానప్రసూనాంబ. "ఏమండీ, ఇరవై రెండు రోజులు ఎక్కడ పారేసుకున్నారు?"

హరనాథ్ ఇంకా బూట్లు విప్పలేదు. వీసా కాగితాలు చూసే జవాజాత్ ఆఫీసు నుంచి ఉత్త చేతులతో వచ్చి, హాల్లో వంటమనిషి మణెమ్మ సర్దిపెట్టుకున్న పెట్టె పక్కనే నిలబడిపోయాడు.

"పారేసుకోలేదు. లెక్క తప్పింది. మణెమ్మ ఇకామా రెండేళ్ళకిచ్చారు. నేను ఇంగ్లీషు క్యాలెండర్లో రెండేళ్ళు ముందుకెళ్ళి తారీఖు రాసుకున్నా. వీళ్ళది చంద్రుడి ఏడాది. మనకంటే పదకొండు రోజులు తక్కువ. రెండేళ్ళకి..."

"ఇరవై రెండు. నాకు అర్థమైంది. ధహ్రాన్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్న ఇంజనీరుగారికే అర్థం కాలేదు."

"ప్రసూనా, ఇప్పుడు..."

"వంద మైళ్ళ పైపులో ఏ మూల కారుతోందో ఇక్కడ కుర్చీలో కూర్చుని చెప్పేస్తారు. గోడ మీది క్యాలెండరు చూడడం మాత్రం రాదు."

ఆ అరబ్బు దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డు ఇకామా. దాని గడువు ముగిసిపోతే పొలిమేర దాటనివ్వరు. కొత్త కార్డు రావాలి, ఆ తర్వాతే వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ పడాలి. మణెమ్మకి కఫీలు, అంటే పూచీదారు, హరనాథే. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో వండి పెడుతున్న మనిషి కాగితాలు చూసుకోవాల్సింది అతనే.

"ఏమన్నారక్కడ?"

"బుక్రా అన్నారు. రేపు. బతిమాలితే ఎల్లుండి అన్నారు."

"ఫ్లైటు ఇవాళ సాయంత్రం."

"తెలుసు."

"కచేరీ రేపు."

"తెలుసు ప్రసూనా!"

వంటింట్లో పెనం మీద పెసరట్టు తిరగేసిన చప్పుడైంది. ఇద్దరూ నోళ్ళు మూశారు.

హరనాథ్ వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. మణెమ్మ ప్రయాణానికని కట్టుకున్న కొత్త నీలం చీరలోనే పొయ్యి ముందు నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపింది.

"మణెమ్మా..."

"అల్లప్పచ్చడి వెయ్యమంటారా బాబుగారూ, కారప్పొడి చాలా?"

ఆమె తిడితే బాగుండేదనిపించింది హరనాథ్‌కి. ఆమె తిట్టలేదు. పళ్ళెంలో అట్టు వేసి చేతికిచ్చింది. అతను నిలబడే తిన్నాడు. ఏం తిన్నాడో అతనికి తెలియదు.

*

ఫ్రిజ్ తలుపు మీద ఒక పోస్టుకార్డు అంటించి ఉంది. ఇటలీలో సముద్రం ఒడ్డున ఉన్న ఒపేరా హౌస్ బొమ్మ అది. లోపల అయిదు వరసల్లో పావురాల గూళ్ళ లాగా గదులు, ఎర్ర మఖమలు, బంగారు రంగు పూత. "మన ధవళేశ్వరం ఆనకట్ట కన్నా వందేళ్ళు పెద్దది మణెమ్మా," అని హరనాథే ఒకసారి చెప్పాడు. అప్పటినుంచి మణెమ్మ దాన్ని తుడిచే ముందు చెయ్యి కడుక్కునేది.

ఆ వేదిక మీద రేపు కీర్తన ఒక్కతే పాడుతుంది.

కీర్తన మణెమ్మ కూతురు. నర్సాపురం మిషన్ హాస్టల్లో పెరిగింది. తొమ్మిదేళ్ళప్పుడు చర్చిలో పిల్ల గొంతు విన్న సంగీతం టీచరు మద్రాసు పంపింది. మద్రాసు వాళ్ళు స్కాలర్‌షిప్ ఇప్పించి ఇటలీ పంపారు. సోప్రానో అంటారట, ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైన పలికే గొంతు. ఇప్పుడు అక్కడి పేపర్లు ఆమె ఫోటో వేస్తున్నాయి. ఇన్నాళ్ళూ పది మంది వేషగాళ్ళ మధ్య పాడింది. రేపటిది అలాంటిది కాదు. వేషం లేదు, కథ లేదు. ఒక పియానో, ఒక మనిషి.

మణెమ్మ కూతుర్ని వేదిక మీద ఒక్కసారి కూడా వినలేదు. ఎప్పుడూ ఏదో అడ్డు. ఈసారి ఇటలీ వీసా కూడా పడింది. పాత ఇకామా మీద తారీఖు అప్పటికింకా బతికే ఉంది మరి.

ఎనిమిది నెలలు మధ్యాహ్నాలన్నీ కూర్చుని మణెమ్మ ఒక లేసు మెడపట్టీ అల్లింది. నర్సాపురం సూది, నర్సాపురం దారం. కీర్తన తన గౌను మెడని ఆ పట్టీ కోసమే ఖాళీగా ఉంచమని దర్జీకి చెప్పింది. ఆ పట్టీ ఇప్పుడు హాల్లో ఉన్న పెట్టెలో, చీరల పైన, తెల్ల తువ్వాల్లో ఉంది.

మూడింటికి ఫోన్ మోగింది.

"తీయకండి," అంది ప్రసూనాంబ.

"తీయకపోతే కంగారు పడుతుందండి," అని మణెమ్మ తనే తీసింది.

"అమ్మా! పెట్టె సర్దావా?" కీర్తన గొంతు గదంతా వినబడింది.

"సర్దేశానమ్మా."

"మెడపట్టీ?"

"పైనే పెట్టాను."

"రేపు పన్నెండింటికి సిల్వియమ్మ ఎయిర్‌పోర్టుకి వస్తుంది. పేరు రాసిన అట్ట పట్టుకుంటుంది, తెలుగులో! నేనే రాసిచ్చాను. చదువుకుంటావుగా?"

"చదువుకుంటానమ్మా."

"నాకు భయంగా ఉందమ్మా. నువ్వు నడిమి గదిలో, ముందు కుర్చీలో ఉంటావు. వేదిక మీద నుంచి చూస్తే సరిగ్గా నా ఎదురుగా. నేను నిన్నే చూసి పాడతాను. వేరే ఎటూ చూడను."

మణెమ్మ ఫోన్ని ఇంకో చేతికి మార్చుకుంది.

"అమ్మా?"

"ఉన్నానమ్మా. గొంతు జాగ్రత్త. చన్నీళ్ళు తాగకు."

ఫోన్ పెట్టేసింది. ప్రసూనాంబ ఆమెనే చూస్తోంది.

"ఎందుకు చెప్పలేదు మణెమ్మా?"

"చెప్తే దానికి రేపు గొంతు పెగలదండి. పాడాక చెబుదురుగాని." మణెమ్మ కొంగు విప్పి మళ్ళీ దోపుకుంది. "చిన్నప్పుడూ అంతే. నేను లేసు కంపెనీకి దారం కోసం వెళ్ళి ఆలస్యమైతే, ఆ ఆదివారం చర్చిలో పాట సగంలో ఆపేసేది."

"రేపు ఆ కుర్చీ ఖాళీగా కనబడితే మాత్రం పాడుతుందా?"



*

ఆదివారం పొద్దున్నే పక్కింటి మెహరున్నిసా వచ్చింది. ఆమెది నిజామాబాద్. సంగతి విని సోఫాలో కూలబడింది.

"గిట్ల మొఖాలు ఏలాడేసుకుని కూసుంటే ఎట్ల? ఆ ఇటలీ ముసలామె ఏర్‌పోర్టుకు పోతది గదా. ఆమెకన్న చెప్పిన్రా?"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ చెప్పలేదు.

సిల్వియా కీర్తన ఉంటున్న ఇంటి యజమానురాలు. ఎనభై దాటిన మనిషి. ఆమె నంబరు మణెమ్మ నోటుపుస్తకంలో ఉంది. మణెమ్మ తన చేత్తో రాసుకున్న మొదటి నంబరు అదే. హరనాథ్ ఫోన్ స్పీకర్ మీద పెట్టి కలిపాడు.

"మేడమ్, కీర్తనాస్ మదర్, నాట్ కమింగ్."

"కే?" అని అరిచింది అవతలి గొంతు. "ఐ నో హియర్! స్పీక్ బిగ్!"

"మదర్! నాట్! కమింగ్!"

"నో మమ్మా?"

"నో మమ్మా. పాస్‌పోర్ట్ ప్రాబ్లమ్. ప్లీజ్ డోంట్ టెల్ కీర్తన. డోంట్ టెల్!"

చాలాసేపు ఏమీ వినబడలేదు. మెహరున్నిసా, "ముసలామె పడిపోయిందా ఏంది," అంది మెల్లగా.

అప్పుడు సిల్వియా ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అంది: "ఐ... మొబైల్. ఐ... థియేటర్, మొబైల్. మమ్మా... లిజన్. యెస్?"

హరనాథ్‌కి వెలగడానికి ఒక క్షణం పట్టింది. "థియేటర్లో మొబైల్ పెట్టనిస్తారా మేడమ్?"

"నో!" అంది సిల్వియా సంతోషంగా. "ఐ పుట్ హియర్, షాల్, అండర్. నో బడీ సీ. ఐ యామ్ ఓల్డ్!"

నిన్న పొద్దుటినుంచి ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో నవ్వారు. అది మణెమ్మే.

*

కచేరీ నాలుగింటికి. అక్కడ నాలుగైతే ధహ్రాన్‌లో అయిదు. నాలుగున్నరకే హరనాథ్ ఆఫీసు నుంచి వచ్చేసి ఇంట్లో చట్టం పెట్టాడు.

"ఆవిడకి చెవి మందం. ఫోన్ ఎప్పుడూ పెద్ద స్పీకర్ మీదే ఉంటుంది. ఇక్కడ తుమ్మినా ఆ గదిలో వినబడుతుంది. అర్థమైందా? నోరెత్తకూడదు."

"మాకు చెప్తున్నారు," అంది ప్రసూనాంబ. "మీ దగ్గు సంగతేంటి?"

అతను ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. కాలింగ్ బెల్ తీగ ఊడదీశాడు. చివరికి ఏసీ కూడా కట్టేశాడు. బయట మే నెల ఎండ. అయిదు నిమిషాల్లో నలుగురికీ చెమటలు. మెహరున్నిసా దుపట్టాతో విసురుకుంటూ, "ఇగ మనమే ఉడుకుతం," అంది.

ఆ పూట వంటింట్లోకి మణెమ్మని అడుగు పెట్టనివ్వలేదు ప్రసూనాంబ. "ఇవాళ నేను వండుతాను. నువ్వు కూర్చో," అంది. పదకొండేళ్ళ తర్వాత తన వంటింట్లో తనే వెతుక్కోవాల్సి వచ్చింది. కుక్కరు వెయిట్ ఎక్కడ పెడతావని రెండుసార్లు వచ్చి అడిగింది. పప్పు డబ్బా వెనకాల, మూకుడులో ఉంటుందండి అని మణెమ్మ చెప్పింది. ఆ తర్వాత హరనాథ్ "కలిసింది, కలిసింది!" అని పిలవడంతో ఆమె చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి కూర్చుంది.

ఫోన్ టీపాయి మీద పెట్టారు. మణెమ్మ నేల మీద కూర్చుని దానికి చెవి ఆనించింది. ఒళ్ళో మెడపట్టీ ఉంది.

మొదట చప్పట్లు వినబడ్డాయి. తర్వాత అవి ఆగిపోయాయి. పియానో నాలుగు మెట్లు ఎక్కింది.

అప్పుడు గొంతు వచ్చింది.

మెహరున్నిసా విసురుకోవడం ఆపేసింది. హరనాథ్ తల వంచుకున్నాడు. అంత పైకి వెళ్ళే గొంతు ఒక మనిషిదంటే నమ్మబుద్ధి కాలేదు. చీకట్లో ఎవరో వెండి తీగ లాగుతూ పోతున్నట్టుంది, తెగకుండా.

పాట అయింది, చప్పట్లు. రెండో పాట, మళ్ళీ చప్పట్లు.

ప్రసూనాంబ ఆనందం పట్టలేక మణెమ్మ భుజం మీద చెయ్యి వేసింది. మణెమ్మ మొహం చూసి ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏమైంది అన్నట్టు సైగ చేసింది.

మణెమ్మ ఆమె చెవి దగ్గరికి వంగి, ఊపిరితో అంది: "అన్నం తినకుండా పాడుతున్నట్టుందండి."

"అంత బాగుంటే..."

"పైకెళ్తోంది. కానీ నిలబడ్డం లేదు. వెతుక్కుంటోందండి. కుర్చీ చూసేసింది."

మూడో పాట మొదలైంది. ఈసారి మిగిలిన వాళ్ళకీ తెలిసింది. ఒకచోట గొంతు సన్నగా వణికింది. పియానో ఆమె కోసం అర క్షణం ఆగినట్టు ఆగి, మళ్ళీ అందుకుంది. మణెమ్మ రెండు చేతులా పట్టీని పట్టుకుంది. నోరు తెరిచింది. హరనాథ్ వద్దని చెయ్యి ఊపాడు.

పాట ముగిసింది. చివరి స్వరం ఇంకా గాలిలో ఉంది. చప్పట్లు ఇంకా మొదలవలేదు. అక్కడ అయిదు వరసల జనం, ఇక్కడ నలుగురు, అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

మామూలు కూత కాదు. పదిహేనేళ్ళ నాటి పాత కుక్కరు అది. రబ్బరు వదులైంది. మొదట బుస్సుమని, తర్వాత రైలు వచ్చినట్టు, చివర్లో పిల్లి అరిచినట్టు మూడు విధాలుగా కూస్తుంది. వంట మధ్యలో అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కీర్తన ఆ కూత ఎన్నిసార్లు విందో.

హరనాథ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ప్రసూనాంబ లేచి పరుగెత్తబోయి మెహరున్నిసా కాళ్ళకి తట్టుకుంది. ఆమె లేచేలోపు రెండో కూత, ఇంకా పెద్దది.

ఫోన్లో ముందు ఒకళ్ళెవరో నవ్వారు. తర్వాత పక్కవాళ్ళు. ఆ తర్వాత ఆ రెండున్నర వందల ఏళ్ళ భవనం అంతా నవ్వింది. సిల్వియా ఏదో గొణుగుతోంది, శాలువా సర్దుకుంటున్న చప్పుడు.

"అయిపోయింది," అన్నాడు హరనాథ్ పెదవులతో. "పిల్ల బతుకు నాశనం చేశాం."

అప్పుడు ఆ నవ్వుల్లోంచి కీర్తన మాట వినబడింది. పాట కాదు, మాట. దూరంగా, వేదిక మీద నుంచి, అచ్చమైన తెలుగులో.

"అమ్మా! స్టౌ కట్టెయ్యి. పప్పు మాడిపోద్ది!"

మణెమ్మకి చట్టం గుర్తు లేదు. ఫోన్ని రెండు చేతులా ఎత్తి అరిచింది: "కట్టేశారమ్మా! అమ్మగారు వెళ్ళారు! నువ్వు పాడు!"

అక్కడి జనానికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా తల్లీకూతుళ్ళని అర్థమైనట్టుంది. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడుతున్నట్టు కుర్చీల చప్పుడు, ఎవరో "మమ్మా! మమ్మా!" అని కేకలు, వాటి మీద వాన కురిసినట్టు చప్పట్లు. వాటన్నిటి మధ్య కీర్తన నవ్వు ఒకటి విడిగా వినబడింది. ముక్కుతో మొదలై కిందికి దొర్లే నవ్వు. మణెమ్మ ఆ నవ్వు విని పదేళ్ళు దాటింది.

నాలుగో పాట వచ్చింది.

ఈసారి గొంతు వెతుక్కోలేదు. ఎక్కడికి పోవాలో తెలిసినదానిలా పోయింది. పైకి, ఇంకా పైకి వెళ్ళి, అక్కడ కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ కిందికి చూసినట్టు నిలబడింది. ప్రసూనాంబ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఏడుస్తోంది. మెహరున్నిసా, "సుభానల్లా, సుభానల్లా," అంటూనే ఉంది. ఏసీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

చివర్లో జనం ఇంకొక్కటి, ఇంకొక్కటి అని వదల్లేదు. కీర్తన పియానో ఆపించి ఒంటిగా అందుకుంది.

రెండు అల్లి ఒకటి వదులు,
వదిలిన చోట పువ్వు.
మూడు అల్లి ముడి వెయ్యి,
ముడి దగ్గర ఆకు.

అది పాట కాదు. లేసు అల్లేటప్పుడు కుట్లు తప్పిపోకుండా మణెమ్మ అరుగు మీద కూర్చుని రాగం తీస్తూ చెప్పుకునే లెక్క. పక్కన పడుకున్న పిల్ల నిద్రపోయిందనుకునేది. ఒక్క మాట పొల్లుపోలేదు.

మణెమ్మ వేళ్ళు పట్టీ మీద వాటంతట అవే ఆ కుట్ల వెంట నడిచాయి.

*

పొద్దు గూకి మగ్రిబ్ బాంగు అయ్యాక, మెహరున్నిసా నమాజుకి వెళ్ళాక, కీర్తన ఫోన్ చేసింది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పాడలేవని."

"చెప్పకపోతేనే పాడలేకపోయాను! మూడు పాటలు ఆ కుర్చీనే చూశాను. నీకేమైందో అని..."

"ఏమీ కాలేదు. ఇరవై రెండు రోజులు తప్పిపోయాయంతే. దొరికాయిలే."

"నవ్వకమ్మా!"

"నువ్వు నవ్వలేదూ? అంత మందిలో?"

 హరనాథ్ లేచి బయటికి పోయాడు. ప్రసూనాంబ పోలేదు.

"అమ్మా," అంది కీర్తన. "పదిహేను రోజులకని రావద్దు. నా దగ్గర ఉండిపోడానికి రా. ఇక్కడా వంటిల్లుంది. కుక్కరు కూడా కొంటాను, కూసేది."

"చూద్దాంలే," అంది మణెమ్మ. ఆ మాట ఎటూ కాకుండా అంది. ఆ రాత్రి మామూలుగానే పాలు తోడుపెట్టి పడుకుంది.

మంగళవారం మధ్యాహ్నం హరనాథ్ కొత్త ఇకామాతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఇంకో కాగితం కూడా తెచ్చాడు. భోజనాల బల్ల మీద పరిచి పెన్ను తీశాడు.

"మణెమ్మా, ఇలా రా. ఈసారి తారీఖులు మూడుసార్లు చూశాను. ఎగ్జిట్ రీఎంట్రీ. ఎన్ని రోజులకి రాయమంటావు? నెలా? రెండు నెలలు రాసేదా? నీ ఇష్టం."

"రెండు నెలలు రాయండి," అంది ప్రసూనాంబ వంటింట్లోంచి. కుక్కరు మూత బిగిస్తోంది. ఆదివారం నుంచి ఆమెకి వంట మీద సరదా పుట్టింది. "కూతురి దగ్గర హాయిగా ఉండి రానివ్వండి. నేను నేర్చుకుంటున్నాగా."

మణెమ్మ వచ్చి బల్ల పక్కన నిలబడింది. కాగితం అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఆమె చదవగలిగేది కాదు. అయినా కాసేపు దాన్నే చూసింది.

"బాబుగారూ, ఇందులో తిరిగి రావడానికి ఎక్కడ గీస్తారండి?"

"ఇదిగో, ఈ గడిలో."

"తిరిగి రాకుండా వెళ్ళేవాళ్ళకి?"

హరనాథ్ పెన్ను గాల్లోనే ఆగింది. "అది ఫైనల్ ఎగ్జిట్. ఈ కింది గడి. దానికి నువ్వు వేలిముద్ర వెయ్యాలి."

"సంతకం చేస్తానండి," అంది మణెమ్మ. "వచ్చుగా."

ఫ్రిజ్ మళ్ళీ పనిచేస్తోంది. దాని తలుపు మీద పోస్టుకార్డు లేదు. ఎప్పుడు తీసి పెట్టెలో పెట్టుకుందో ఎవరూ చూడలేదు.

హరనాథ్ తలెత్తి భార్య వైపు చూశాడు. జ్ఞానప్రసూనాంబ చేతిలో కుక్కరు వెయిట్ ఉంది. మూకుడులో పెట్టాలో, మూత మీద పెట్టాలో తెలియనట్టు ఆమె దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.

— షేక్ మాబున్నీ, 66 ఏళ్ళు, ప్రస్తుత నివాసం రాయచోటి